నుదుటి మీద చల్లని సీసా

హెడ్మాస్టరుగారూ, మీ ఆఫీసు గోడకు హాజరు షీల్డు మెరుస్తోందే, దానికి మెరుగు పెట్టింది మా పిల్లల జ్వరం. లాండ్రీ సూపర్‌వైజరుగారూ, మీరు పక్కకి తప్పుకోకండి. తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు నేను ముందే ఒప్పుకుంటున్నాను.

నేను హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే మనిషిని. పదేళ్ళ వేడికి నా అరచేతులు మొద్దుబారాయి. కూతురి ఒళ్ళు కాలితే చేత్తో ముట్టుకున్నా తెలియదు. చెంప ఆనించి చూస్తాను. బళ్ళో దాని పేరేదైనా ఇంట్లో మాత్రం మిరియం. ఒకటో తరగతి. మనిషి గింజంత, గొంతు ఘాటు.

ఆ బళ్ళో ఒక పద్ధతుంది. తరగతిలో ఎవరూ మానకపోతే ఆ రోజు గుమ్మానికి ఎర్రజెండా. నెలంతా జెండా ఉంటే షీల్డు. ఒక్క పిల్ల మానిందంటే జెండా దిగుతుంది, మర్నాడు ముప్పైమందీ ఆ పిల్లని కళ్ళతోనే నమిలేస్తారు. జ్వరం పిల్లల్ని ఆపడానికి గేటు దగ్గర ఆయా నుదురు ముట్టి చూస్తుంది. తనిఖీ అంటే అంతే.

నెలాఖరుకి మూడు రోజులుందనగా మిరియం నుదురు నా చెంపని కాల్చింది.

"అమ్మా, ఇవాళ నువ్వు ఇంట్లో ఉండవా?" అంది.

సూపర్‌వైజరుకి ఫోన్ చేశాను. "పిల్లలన్నాక జ్వరాలు రావా అమ్మా? నీకు రాలేదుగా! ఎనిమిదింటికల్లా ఇస్త్రీపెట్టె దగ్గరుండు," అన్నాడు.

మందు పట్టాను. వేడి దిగలేదు. అప్పుడు తట్టింది నా బుర్రకి. తట్టకపోయినా బావుండేది. నీళ్ళసీసా నిండా ఐసుముక్కలు వేసి చేతికిచ్చాను.

"గేటు మలుపులో దీన్ని నుదుటికి ఆనించుకో. పది దాకా లెక్కపెట్టు. అప్పుడు ఆయమ్మ దగ్గరికెళ్ళు."

"కనిపెట్టేస్తే?"

"నువ్వు నోరు విప్పకపోతే కనిపెట్టదు."

నవ్వింది. ఆ నవ్వు చూసుకుని పనికెళ్ళాను.

మర్నాడు ఆ మలుపులో ఐదుగురు పిల్లలు నుదుటికి సీసాలానించి, దగ్గుకుంటూ అంకెలు లెక్కపెట్టారట. మా మిరియమే పంతులమ్మ. జెండా మాత్రం దిగలేదు.

మూడో రోజు పదకొండింటికి నా కూతురు బల్ల మీదే ఒరిగిపోయింది. ఆయా లాండ్రీకి ఫోన్ చేసింది. పనివేళల్లో మా ఫోన్లు డబ్బాలో, డబ్బాకి తాళం. కబురందుకున్న సూపర్‌వైజరు దుప్పట్లయ్యాక చెబుదాంలే అనుకున్నాడు. నాలుగింటికి చెప్పాడు. ఐదు గంటలు నా బిడ్డ చీపుర్ల గదిలో బెంచీ మీద పడుంది. ఆ ఐదు గంటలూ నేను ఎవరో పడుకోబోయే దుప్పటికి ముడతలు తీస్తున్నాను.

"అడుగుల చప్పుడైతే చాలు, 'అమ్మా?' అని లేచేది తల్లీ," అంది ఆయా. "చూడలేక, చివరికి చెప్పులు విప్పి నడిచాను."

ఆ నెల షీల్డు దాని తరగతికే వచ్చింది. హాజరు పిలిచేది తొమ్మిదింటికి కదా!

ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. అంటుకుంటుందని ఆసుపత్రిలో నన్ను లోపలికి రానివ్వలేదు. తొమ్మిది రోజులు అద్దానికి అవతల అది, ఇవతల నేను. ఆ అద్దానికే చెంప ఆనించేదాన్ని. ఎంతసేపు ఆనించినా చల్లగానే ఉండేది. కాలే నుదురు కోసం చెంప అలమటిస్తుందని నాకప్పుడే తెలిసింది.

ఇంటికొచ్చింది. గొంతులో ఆ ఘాటు ఇంకా రాలేదు. నిన్న సాయంత్రం బడి నుంచి రాగానే కళ్ళు ఎర్రగా కనిపించి, దగ్గరకు తీసుకుని వంగబోయాను.

"ఆగమ్మా," అని వెనక్కి జరిగింది. సంచిలోంచి సీసా తీసి నుదుటికి ఆనించుకుంది. ఒకటి, రెండు, మూడు... పది దాకా లెక్కపెట్టింది. "ఇప్పుడు చూడు. జ్వరం లేదు. రేపు నువ్వు పనికెళ్ళొచ్చు."

ఇవాళ నేను పనికి వెళ్ళలేదు. అది నా పక్కనే పడుకుంది. నాలుగు ముక్కలు రాసి, వంగి చెంప ఆనించి, మళ్ళీ రాస్తున్నాను.

ఆ షీల్డు ఇవాళే దించండి. చీపుర్లు బయట పారేసి ఆ గదిలో మంచం వెయ్యండి. ఫోన్ల డబ్బాకి తాళం తియ్యండి. బిడ్డకి జ్వరమొస్తే కన్నవాళ్ళకి సెలవివ్వండి, ఆ జ్వరం మాకే రానక్కర్లేదు. ఆలోచించి చెబుతామనకండి. రేపు పొద్దున ఆ గేటు మలుపులో ఒక్క పిల్ల చేతిలోనైనా చల్లని సీసా కనబడకూడదు.