మారుతాళం

పై గదిలో లేజర్ వెలిగించి దిగుతున్న మరిదికి సగం మెట్ల మీద కింది గదిలోంచి వదిన కూనిరాగం వినిపించింది. అక్కడే ఆగిపోయాడు. భోజనానికి వెళ్లిందనుకున్న మనిషి కిందే ఉంది.

అన్నావదినలు నడిపే ఆ చిన్న ప్రయోగశాలలో, ఫైబర్ కేబుళ్లలో నీరసించిన సిగ్నల్‌కు బలం పోసే లేజర్లను పరీక్షిస్తారు. చిప్పు చూస్తే నూకంత కూడా ఉండదు. దాని వెలుగు కంటికి కనపడదు, కంటిని మాత్రం కాల్చేస్తుంది, నొప్పి కూడా తెలియనివ్వదు. పై గదిలోని లేజర్ నుంచి ఫైబర్ కింది గదికి దిగుతుంది. అందుకే వదిన ఒక కట్టడి పెట్టింది: ఫైబర్ కొసను భూతద్దంలో చూడబోయేవాళ్లు ముందు లేజర్ తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. అది లేనిదే లేజర్ వెలగదు.

ఆవిడేమో ఆ తాళంచెవితోనే భోజనానికి వెళ్లిపోయేది. నిదానమే ప్రధానం అని ఆమె, ఆలస్యం అమృతం విషం అని ఇతను. చివరికి గుట్టుచప్పుడు కాకుండా మారుతాళం చేయించుకున్నాడు. చదువుకున్నవాడి తెలివితక్కువతనానికి మందు లేదు.

పైకి పరుగెత్తి లేజర్‌ను ఆపాలా, కిందికెళ్లి ఆమెను ఆపాలా? కాళ్లు కిందికే లాగాయి.

వదిన అప్పుడే భూతద్దం నుంచి తలెత్తుతోంది.

"వదినా, చూశావా?"

"చూశాను. కొస శుభ్రంగా ఉంది. ఏంటయ్యా ఆ పరుగు, కొంప మునిగినట్టు?"

"అది వెలుగుతోంది..."

"ఎలా వెలుగుతుంది? తాళంచెవి నా దగ్గరుందిగా!" జేబు తట్టి చూపించింది.

కనపడని వెలుగు తగిలితే మెరిసే అట్టముక్క ఒకటి బల్ల మీద ఉంటుంది. అతను దాన్ని తీసి ఫైబర్ కొస ముందు పెట్టాడు. అట్ట మీద చుక్క ధగధగా మెరిసింది. వదిన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"నా దగ్గర ఇంకోటి ఉంది వదినా. నేనే చేయించాను. నువ్వు భోజనానికెళ్లావనుకుని..."

భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆమె తిట్టలేదు. ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, భూతద్దంలో చూసిన కుడికంటితో అతనికేసి చూసింది. చూస్తూనే ఉండిపోయింది.

"ఏదో ఒకటి చెప్పు వదినా."

"నీ జుట్టు కనిపిస్తోంది. చొక్కా కనిపిస్తోంది. మధ్యలో ముఖం లేదు."

అతను అక్కడే కూలబడి బావురుమన్నాడు.

"ఏడుపు తర్వాత," అంది వదిన, గోడ పట్టుకుని. "ముందు పైకెళ్లి దాన్ని ఆపు. మీ అన్న వచ్చే వేళయింది. రాగానే ఆయన చూసేది ఆ కొసనే."