ఉత్త ముక్క వెలుగు

ఎర్ర లేజర్ వేస్తే మా శాంపిల్ నీలి వెలుగు ఇచ్చింది. అందులోని క్వాంటమ్ వెల్స్, అంటే కంటికి ఆనని సన్నటి పొరలే, అందుకు కారణమని మా గైడ్ బోర్డు నిండా లెక్కలు కట్టి, డిపార్ట్‌మెంటంతా టాంటాం వేశారు.

ఈరోజు బల్ల సర్దుతుంటే శాంపిల్ డబ్బాలోనే కనిపించింది. లేజర్ గురి సరిచూడటానికి పెట్టిన, పొరలే లేని ఉత్త ముక్కను ఎవరూ మార్చలేదు. నేను మార్చానని ఆయన, ఆయన మార్చారని నేను అనుకున్నాం. నా ఖర్మ!

“సార్, ఇన్నాళ్లూ చూసింది ఉత్త ముక్కనండీ.”

“అయితే అసలుది పెట్టమ్మా. ఇంకా బాగా వస్తుంది.”

పెట్టాను. నీలి వెలుగు సగానికి పడిపోయింది.

నేను తల పట్టుకున్నాను. ఆయన మాత్రం బోర్డు వైపు ఒకసారి ప్రేమగా చూసుకున్నారు.

“శాంపిల్ పాడైనట్టుందమ్మా. లెక్క ప్రకారం రావట్లేదు.”