మూరెడు తాడు

నాకు కళ్ళు లేవని జాలిపడేవాళ్ళంటే ఒళ్ళు మంట. ముందే చెబుతున్నా. చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయాయి, పోతే పోయాయి. కొండల్లో ఉన్న మా ఊరు ఇబారాలో అక్క ఐస్‌క్రీమ్ కొట్లో రాగి బాండీ తిప్పేది నేనే. మంచు మీద బాండీ పెట్టి, పళ్ళరసం పోసి, అది గడ్డకట్టేదాకా చేత్తో తిప్పుతూనే ఉండాలి. ఆ తిప్పుడుకి నా భుజాలు ఎలా తయారయ్యాయంటే, నేను సరస్సులో ఈతకి దిగానంటే కళ్ళున్నవాళ్ళు సగంమంది నా వెనకే ఉంటారు.

ఒక్కటే చిక్కు. ట్రయథ్లాన్‌లో నేను ఒంటరిగా దిగడానికి లేదు. పక్కన ఒక మనిషి ఉండాలి. ఈతలో నా తొడకీ ఆ మనిషి తొడకీ తాడు. జంట సైకిలు మీద అతను ముందు, నేను వెనక. పరుగులో నా మణికట్టుకీ అతని మణికట్టుకీ మూరెడు సాగే తాడు. అతను నన్ను లాగకూడదు, తొయ్యకూడదు. నోటితో దారి చెప్పాలి, అంతే. తాడు విప్పేశామా, పోటీ అక్కడితో సరి.

ఆ మనిషి మా బావ ఓల్మెడో.

బావది సముద్రం పక్క ఊరు, ఎస్మెరాల్దస్. మా అక్క తర్హేలియాని చేసుకుని ఈ కొండల్లోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ నాలుగు మెట్లెక్కితే ఆయాసమే. "ఇక్కడి గాలిలో ఏముందిరా, ఉత్త ఖాళీ సంచి!" అని తిట్టుకుంటాడు. మా వాళ్ళేమో "సముద్రపు కోతి" అని ఏడిపిస్తారు. ఊరుకుంటాడా? "పోండ్రా కొండ మొహాల్లారా! ఎండలో గంట నిలబెడితే సోలిపోతారు మీరు. నేను ఎండలోనే పుట్టాను" అంటాడు. బస్టాండులో మూటలు దించే పని అతనిది. అక్కడ ఎవడూ పేరు పెట్టి పిలవడు, "ఏయ్" అంటారు. తాడు కట్టుకుని నా పక్కన పరిగెత్తే రోజున మాత్రం జనం "ఓల్మెడో! ఓల్మెడో!" అని చప్పట్లు కొడతారు. ఆ రోజు అతని నడకే వేరుగా ఉంటుంది. నాకు తాడులో తెలుస్తుంది.

దారి చెప్పి ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? "ఎడమ, గుంట, మిట్ట" మధ్య మధ్యలో అబద్ధాలు దంచుతాడు. "బావమరిదీ, అదుగో అందాల రాణి గోడెక్కి నీకు ముద్దులు విసురుతోంది" అంటాడు.

"గౌను రంగేంటి?" అంటాను.

"పసుపు."

ఎప్పుడూ పసుపే. నాకు చెదరకుండా గుర్తున్న రంగు అదొక్కటేనని అతనికి తెలుసు. "అబద్ధాలకోరా" అంటాను నేను. ఆ నవ్వుతో ఎంతో దూరం లాగేస్తాం.

రెండేళ్ళుగా మేం పోటీ ముగిసే గీత దాటలేదు. ఒకసారి సైకిలు గొలుసు తెగింది. ఇంకోసారి బావ ఊపిరి అందక కూలబడ్డాడు. ఈ ఏడు పోటీకి ముందు, ఈ పోటీలు నడిపే సంఘం పెద్ద రిగొబెర్తో గారు కొట్టుకొచ్చి, మల్బరీ ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ చల్లగా చెప్పాడు: "ఈసారీ గీత దాటకపోతే క్విటో నుంచి జెఫర్సన్ అనే కుర్రాణ్ణి నీకు కడతాం జెర్మానికో. లేడిపిల్లలా పరిగెడతాడు."

"నాకు మా బావ చాలు" అన్నాను.

"నీకు కావలసింది బావ కాదయ్యా, కాళ్ళు!"

వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అక్కడున్నది బావేనని నాకు తెలుసు. కాసేపటికి మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. ఆ మాట అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఆ రోజు నుంచి మేమిద్దరం గీత దాటాలని అనుకోవడం మానేసి, దాటకపోతే ఏమవుతుందో అనుకోవడం మొదలుపెట్టాం.

పోటీ రోజు యావర్‌కోచ సరస్సు మీద గాలన్నది లేదు. ఈత హాయిగా అయిపోయింది. సైకిలెక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. మా దగ్గర ఎండ ఆకాశంలో ఉండదు, భుజాల మీద కూర్చుంటుంది. ఎత్తెక్కుతుంటే నా కింద సీటు కూడా కాలింది. బావ తన సీసా తీసి వెనక్కి అందిస్తూనే ఉన్నాడు.

"నువ్వు తాగవా?"

"నాకెందుకురా? చెమటే పట్టలేదు. తాగు నువ్వు, కొండ మొహమా!"

నేను తాగాను. అతని లెక్క అతనిది. సముద్రం పక్క మనిషికి చెమటంటే చొక్కా పిండితే కారేది. అది కారకపోతే ఒంట్లో నీళ్ళు ఉన్నట్టే. ఇక్కడ పొడి గాలి చెమటని పుట్టిన చోటే తాగేస్తుంది, చొక్కా తడవదు. మాకది చిన్నప్పుడే అలవాటైపోయింది గనక ఎవరం నోటితో చెప్పుకోం. చెప్పుకోం గనక ఇరవై ఏళ్ళలో బావకి ఎవరూ చెప్పలేదు. నాకూ ఆ మాట ఆ రోజు తట్టలేదు.

పరుగు సరస్సు చుట్టూ రెండు చుట్లు. మొదటి చుట్టులో దారి పక్కన ఇచ్చిన నీళ్ళు కూడా బావ నా నెత్తి మీదే పోశాడు. చల్లగా వీపు మీదికి జారుతుంటే ప్రాణం లేచొచ్చింది. "అందాల రాణి ఏదీ?" అన్నాను. "వస్తోంది, ముస్తాబవుతోంది" అన్నాడు. ఆ ఒక్కటే అబద్ధం. నాకు చాల్లేదు.

చేపలు వేయించే పాకలు దాటాక ఆ రోజు మా అక్క తన ఐస్‌క్రీమ్ బండి పెట్టుకుంది. బాండీ మంచుమీద గరగరమనే చప్పుడు దూరం నుంచే వినబడింది. మమ్మల్ని చూడగానే అక్క అందుకుంది:

"ఏయ్ ముసలి కోతీ! కాళ్ళీడుస్తున్నావేంటి? మా తమ్ముణ్ణి నువ్వు తెస్తున్నావా, వాడే నిన్ను తెస్తున్నాడా?"

జనం గొల్లున నవ్వారు. బావ మాట్లాడలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచి అక్క విసిరిన మాటకి ఎదురు మాట విసరకుండా ఆ మనిషి ఒక్కనాడు ఊరుకోలేదు.

"అక్కకి బదులు చెప్పవేం?"

"ఊపిరి దాచుకుంటున్నా."

రెండో చుట్టు మొదలైంది. తాడులో నాకు తెలుస్తుందని చెప్పాను కదా. అది ఒకసారి వదులైపోతోంది, ఒకసారి గుంజుతోంది. అతని అడుగులు తపతపా పడుతున్నాయి, పాదం మొత్తం ఒకేసారి. "ఎడమ" అన్నాడు. ఎడమకి తిరిగాను. మోకాలికి సిమెంటు దిమ్మ కొట్టుకుంది. ఇన్నేళ్ళలో బావ చెప్పిన దారి నన్ను దేనికీ కొట్టలేదు. కుంటుతూ అతని ముంజేయి పట్టుకున్నాను. పొయ్యి మీద పెనంలా కాలుతోంది, చుక్క తడి లేదు.

"ఆగుదాం బావా."

"ఎందుకు?"

"ఒళ్ళు కాలిపోతోంది నీకు."

"నీకు కాలట్లేదా? ఎండరా ఇది! నడువు!"

"బావా, ఆగుదాం అంటున్నా!"

"ఆగితే ఆ క్విటో కుర్రాడొస్తాడు." ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కొక్క మాట పడింది. "నాకేముందిరా... ఇదొక్కటే ఉంది... నడువు."

మళ్ళీ పరుగందుకున్నాను. నాకు మాత్రం అతను తప్ప ఎవరున్నారు?

వెనక నుంచి పోటీ చూసుకునేవాళ్ళ మోటారు సైకిలొచ్చి నెమ్మదించింది. "ఏంటి, బాగానే ఉన్నారా?" అని కేక. "బ్రహ్మాండంగా!" అన్నాడు బావ, ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడో ఆ గొంతు. నేను నోరు తెరిచాను. గాలిలో సన్నగా వేపుడు చేపల వాసన తగిలింది. అంటే పాకలు దగ్గరపడ్డాయి, పాకల తర్వాత అక్క బండి, ఆ తర్వాత గీతే. నోరు మూసుకున్నాను. మోటారు సైకిలు వెళ్ళిపోయింది.

ఇంకో నాలుగడుగులు వేశామో లేదో, బావ అన్నాడు: "అల వస్తోంది. ఇసక మీదికి జరుగు."

నేను నవ్వబోయాను. హమ్మయ్య, అబద్ధం వచ్చింది, మా బావ తిరిగొచ్చాడు అనుకున్నాను. "రంగేంటి?" అని అడిగాను.

"నీళ్ళ రంగు. నీళ్ళకి ఇంకే రంగుంటుంది?"

అది అబద్ధం కాదు. అతనికి నిజంగా కనబడుతోంది.

అప్పటికి గీత దగ్గర మైకులో పేర్లు చదవడం వినబడుతోంది. ఒక్కొక్క పేరుకీ చప్పట్లు. ఇంకాస్త ఈడిస్తే మా పేర్లూ చదువుతారు. ఈడ్చవచ్చు కూడా, నా భుజాలకి ఆ బలం ఉంది. మణికట్టు నోటిదాకా తెచ్చుకుని పళ్ళతో ముడి లాగాను. నెత్తి మీద పోసిన నీళ్ళకి తడిసి బిగుసుకుపోయి ఓ పట్టాన రాలేదు. వచ్చింది. తాడు వదిలేశాను.

"బావా, విప్పేశాను. అయిపోయింది. ఇంక ఆగు."

ఆగుతాడనుకున్నాను. తాడు లేకపోతే మా ఇద్దరికీ పరుగు లేదు కదా. కానీ అతని అడుగులు సాగిపోతూనే ఉన్నాయి. గొంతు దూరమవుతోంది.

"కుడి, బావమరిదీ. కుడికి. ఇక్కడ మెత్తగా ఉంటుంది, అడుగు నెమ్మదిగా వెయ్యి. నేనున్నాగా."

పక్కన నేను లేను. అతనికది తెలియదు. ఖాళీ చోటుకి దారి చెప్పుకుంటూ వెళ్ళిపోతున్నాడు. కుడి పక్కన ఉన్నది సరస్సు.

కళ్ళు పోయాక నేను చేతిలో ఏదీ లేకుండా పరిగెత్తలేదు. ఆ రోజు పరిగెత్తాను. రెండు చేతులూ ముందుకి చాచి, "బావా! ఓల్మెడో! ఆగరా దొంగా!" అని అరుచుకుంటూ ఆ గొంతు వెనకాల పడ్డాను. రాయి తగిలి బోర్లా పడ్డాను, లేచాను. కాళ్ళ కింద తారు పోయి గడ్డి వచ్చింది, గడ్డి పోయి బురద వచ్చింది. తుంగ చీల్చుకుంటున్న చప్పుడు. "ఎడమ, రాయుంది చూసుకో" అంటున్నాడు ఇంకా. ఆ మాట వచ్చిన చోటికి దూకాను. చొక్కా దొరికింది. ఇద్దరం నీళ్ళ అంచున పడ్డాం. అతని మీద నా బరువంతా వేసి, గొంతు చినిగేలా అరిచాను:

"అక్కా! తర్హేలియా! మంచు తే!"

బాండీ గరగర ఆగిపోయింది. పరిగెత్తుకొచ్చారు ఎవరెవరో. అక్క తొట్టెలోని మంచు అంతా, బాండీ కింద పరిచే ఉప్పుతో గడ్డితో సహా, ముతక గుడ్డలో మూటకట్టి తెచ్చింది. చంకల్లో, మెడ కింద, గజ్జల్లో కుక్కాం. చేపల పాకల వాళ్ళు తమ మంచు కూడా బకెట్లతో తెచ్చి పోశారు. అక్క ఏడుస్తూనే తిడుతోంది: "లేవరా కోతీ! అన్నం వండి పెట్టా! ఎవరు తింటారు? నీ అబ్బ తింటాడా? లేవయ్యా... లేవవయ్యా..."

చాలాసేపటికి నా చేతి కింద అతని మెడ కదిలింది.

"బావమరిదీ."

"ఆఁ."

"ఏమీ కనబడట్లేదురా. చేరామా?"

అక్క చెయ్యి మంచు మీద ఆగిపోయింది. దూరంగా మైకులో ఎవరిదో పేరు చదివారు.

"చేరాం బావా," అన్నాను. "నువ్వు గీత మీద కాలు పెట్టావో లేదో, బాకాలు మొదలెట్టారు. మన మేయరుగారు నీ పేరు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. అందాల రాణి దండ పట్టుకుని నీ మీదికి వంగింది. అక్క చూస్తే చంపేస్తుంది, కాస్త అటు జరుగు."

ఊపిరి పీల్చాడు. వదిలాడు. ఇంకోటి పీల్చడానికి ఎంత ఆలస్యం చేశాడో, నేను చచ్చి బతికాను.

"గౌను రంగేంటి?"

"పసుపు."

"అబద్ధాలకోరా," అన్నాడు. వేళ్ళతో నా మణికట్టు మీద తాడు కోసం వెతికాడు. అక్కడేమీ లేదు. నేను నా చేత్తో అతని మణికట్టు పట్టుకున్నాను, అంబులెన్సు వాళ్ళు విడదీసేదాకా.

బతికాడు. వడదెబ్బకి మూత్రపిండాలు పాడయ్యాయని ఆసుపత్రిలో చాలారోజులు ఉంచారు. గుండె కూడా అలిసిపోయిందట. ఇక ఈ ఎత్తులో పరుగన్న మాట తలపెట్టొద్దని డాక్టరమ్మ నా ముందే చెప్పింది. అక్క "విన్నావా, విన్నావా?" అంది. బావ మాత్రం దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అదే నాకు భరించడం కష్టమైంది.

అక్క బయటికెళ్ళాక నేను గబగబా మొదలుపెట్టాను: "రిగొబెర్తో ఫోన్ చేశాడు. ఆ కుర్రాడు నాకొద్దన్నాను. నాకింక ఈ పోటీలే వద్దు. బాండీ తిప్పుకుంటా."

"నోర్ముయ్," అన్నాడు బావ. గొంతులో బలం లేదు గానీ, మాట అతనిదే. "దారి చెప్తాడటగా వాడు?"

"చెప్తాడట. చాలా సరిగ్గా చెప్తాడట."

మంచం కిర్రుమంది. కొంచెం లేచి కూర్చున్నాడనుకుంటా. ముక్కు ఎగబీల్చాడు, ఆ తర్వాత అన్నాడు:

"అయితే ఆదివారం వాణ్ణి నా దగ్గరికి తీసుకురా. వాడికి అబద్ధాలు నేర్పాలి."