ఉత్తరపు గది

దూదిమామ ఒక ఇంటి పైకప్పు కింది ఇరుకులో బోర్లా పడుకుని, చలిని ఆపే గాజుదూది పరుపును మోచేత్తో మూలకు నెడుతున్నాడు. పేరుకు దూదే గాని, ఒంటికి తగిలితే దురదగుంటాకు నయం. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు, కనుబొమల మీద తెల్లటి నూగు, ముక్కుకు అడ్డంగా గుడ్డ. ఆ నూగు చూసే వీధి పిల్లలు ఆయనకా పేరు పెట్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

ఇళ్లలోకి చలి దూరకుండా సందులు పూడ్చడం, కప్పు మీద సోలార్ పలకలు బిగించడం ఆయన పని. ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరిస్తుంది. ఊళ్లో సగం ఇళ్లు ఆయన చేతి మీదుగానే వెచ్చబడ్డాయి. సొంత ఇల్లు మాత్రం అర్జీ పెట్టినప్పుడల్లా ఏదో ఒక కొర్రీతో ఆగిపోయేది. ఉత్తరపు గదిలో, గుండెజబ్బుతో మంచాన పడ్డ భార్య రాత్రింబవళ్లు వణికేది. "ఎన్నాళ్లుంటారో చెప్పలేం. చలి మాత్రం తగలనివ్వకండి" అన్నాడు డాక్టరు.

"ఊళ్లో ఇళ్లన్నిటికీ దుప్పటి కప్పారు. నా వంతెప్పుడండీ?" అనేది ఆమె నవ్వుతూ. దెప్పినా బాగుండేది. ఆ నవ్వే ఆయన్ని కోసేది.

ఎట్టకేలకు ఈ శీతాకాలం వంతు వచ్చింది. వచ్చీ రావడమే ఒక మెలికతో వచ్చింది. సాయం అందే ఇల్లు పనివాడి సొంతమైతే, అతను దాని మీద చెయ్యి వెయ్యకూడదు. వేస్తే సాయం రద్దు. దొంగ పనులు చూసి చూసి పెట్టిన నిబంధనే అయ్యుంటుంది. అయినా దూదిమామకు ఉక్రోషం ఆగలేదు. ఇల్లాలికి ఒక్క గది వెచ్చగా చేసిపెట్టే భాగ్యం కూడా పరాయివాడికే పోయింది. అందుకే ఇవాళ ఆయనిక్కడ, ఒక టీచరమ్మ ఇంట్లో ఉన్నాడు. తోటి పనివాడు, అందరూ నిచ్చెన అని పిలిచే పొడగరి, అక్కడ ఆయన ఇంట్లో ఉన్నాడు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"అన్నా, అయిపోయింది. పలకలు బిగించాం, కరెంటు హీటర్ కూడా పెట్టేశాం."

"మంచం పక్క కిటికీ కింద చూశావా? దొంగసందు అక్కడే ఉంది."

"చూశానన్నా. నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?"

"నీ మీద ఉందిరా. నీ తొందర మీదే లేదు."

"వదిన నవ్వింది తెలుసా? హాయిగా ఉంది, కాసేపు పడుకుంటాను, మీరెళ్లండి నాయనా అంది."

ఆ తర్వాత ఆయన చెయ్యి చకచకా ఆడింది.

"ఏంటండీ, మంచి హుషారుగా ఉన్నారు?" అంది టీచరమ్మ, టీ అందిస్తూ.

"మా ఇల్లు కూడా వెచ్చబడిందమ్మా" అన్నాడు. ఆ మాట చెప్పుకోవడం ఆయనకెంతో బాగుంది.

చీకటి పడుతుండగా ఇల్లు చేరాడు. తలుపు తియ్యగానే వెచ్చదనం ముఖానికి తగిలింది. ఆమె కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. లేపబుద్ధి కాలేదు.

ఈ పనివాళ్లకు ఒక పద్ధతుంది. పని ముగిశాక సన్నటి పొగపుల్ల వెలిగించి సందుల దగ్గర పట్టి చూస్తారు. పొగ వంగితే గాలి దూరుతున్నట్టు, నిటారుగా నిలిస్తే పని గట్టిగా జరిగినట్టు. ముట్టుకోవద్దన్నారు గాని చూడొద్దనలేదుగా అనుకుంటూ, ఆయన తలుపు దగ్గర చూశాడు, గోడమూలల్లో చూశాడు. చివరికి ఆమె మీదుగా వంగి, కిటికీ కింద పట్టాడు. దిండుకు జానెడు దూరంలో పొగ దారంలా నిలువుగా లేచింది.

దూదిమామ ముఖం విప్పారింది. "చూశావా! ఎంత గట్టిగా చేశాడో వెధవ. ఒక్క పిసరు గాలి కూడా..."

పొగ ఆమె ముక్కు ముందు కూడా అలాగే నిలబడి ఉంది.

కదలని పొగను చూసి సంతోషించడమే ఆయనకు తెలిసిన విద్య. ఇప్పుడూ ముందు కలిగింది సంతోషమే. అందుకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేకపోయాడు.

చెయ్యి పట్టుకున్నాడు. గది వెచ్చగా ఉండబట్టి ఆ చెయ్యీ ఇంకా చల్లబడలేదు. గొంతెత్తి ఏడ్చాడు. సందులన్నీ పూడిన ఆ గదిలోంచి పక్కింటికి ఏమీ వినిపించలేదు.

మంచం చివర, ఇక అక్కర్లేదని ఆమె తనంతట తానే విప్పి, ఒకదానిలో ఒకటి దోపి పెట్టుకున్న ఉన్ని మేజోళ్లు ఉన్నాయి.