నిన్నటి మీద ఎంత

సోమవారం ఉదయం ఆరింటికి ఎవారిస్టో మోకాళ్ల దాకా బురదలో నిలబడి, ఏటి ఒడ్డున పాతిన కొలబద్ద మీద నీటి మట్టం చూశాడు. 524 సెంటీమీటర్లు. జేబులోంచి తడిసి ఉబ్బిన పుస్తకం తీశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన రాత ఒకటే: నెల మొదట్లో ఒక్కసారి మట్టం, దాని కింద రోజూ నిన్నటి మీద ఎంత పెరిగిందో అంతే. భార్య పోయిన రోజూ రాశాడు, నాలుగని. కిందటి మట్టం 512 అని నోటికి గుర్తే. పన్నెండని రాసేశాడు.

పరాగ్వే రాజధాని అసున్‌సియోన్‌లో దిగువ పేటంతా ఆయన మాటే నమ్ముకుంటుంది. రొట్టెలు కాల్చి అమ్మే నిల్డా ఇంటి గడప ఎత్తు ఆ కొలబద్ద లెక్కన 548. రోజుకు పన్నెండంటే బుధవారానికి నీళ్లు ఇంట్లోకొస్తాయని ఆమెకు చెప్పి వచ్చాడు.  ఈస్టర్ ముందు వచ్చే ఆ బుధవారమే ఊరంతటికీ చీపా రొట్టెలు కావాలి. ఆ ఒక్కరోజు అమ్మకంతోనే ఆమె ఇల్లు చలికాలం గడుస్తుంది. మట్టిపొయ్యిని మోసుకుపోలేదు కదా! మెట్ట మీద గుడిసె వేసుకోవడానికి పైకప్పు రేకులు విప్పడం మొదలుపెట్టింది.

ఇంటికొచ్చాడే గానీ ఎవారిస్టోకు కాలు నిలవలేదు. కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చల్లటి మాతే ఆకు టీ కలుపుకుని తాగడం మర్చిపోయాడు. ఈ ఏరు ఎన్నడూ ఇంత తొందరపడి ఎరగదు. మధ్యాహ్నం మంచం మీద మడతపెట్టని దుప్పటి కంటబడ్డాక గానీ బుర్ర వెలగలేదు. నిన్న ఆదివారం జ్వరంతో దాని కిందే పడి ఉన్నాడు. ఆ 512 శనివారంది. పన్నెండు రెండు రోజులకు పెరిగింది, అంటే రోజుకు ఆరు.

ఆదివారం ఏమీ పెరగక, మొత్తం ఒక్కరోజులోనే వచ్చి ఉంటే? ఛాతీ పట్టేస్తున్నా సాయంత్రం ఆరింటికి మళ్లీ బురదలోకి దిగాడు. 527. సగం రోజుకు మూడు. ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది. నేరుగా నిల్డా ఇంటికి వెళ్లాడు.

"రేకులు మళ్లీ ఎక్కించమ్మా. రొట్టెలు కాల్చుకో. నీళ్లొచ్చేది శుక్రవారం."

"పొద్దున బుధవారమన్నావు కదా బాబాయ్. నిన్ను నమ్మమంటావా, ఏటినా?"

"నేనో ముసలి గాడిదని. ఆదివారం సంగతే మర్చిపోయా. రోజుకి ఆరే."

చేతికర్రను ఆమె గడప ముందు గుచ్చి, గడప ఎత్తున కత్తితో గాటు పెట్టాడు. గురువారం సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

బుధవారం మొదటి వాయి దిగగానే నిల్డా వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని ఆయన ఇంటికి వెళ్లింది. ఎవారిస్టో ఏటివైపు తిరిగి కుర్చీలో ఉన్నాడు. చెప్పులకు తడి బురద, ఒళ్లో పుస్తకం, అందులో ఆ రోజు అంకె, ఆరు. పిలిచింది, చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. రొట్టె ఆయన ఒళ్లో పెట్టి అక్కడే కూలబడి ఏడ్చింది.

గురువారం ఆయన్ని సాగనంపి, సాయంత్రానికి పేటంతా మెట్ట మీదికి తరలిపోయింది. శుక్రవారం ఉదయం ఖాళీ గడప ముందు ఆ కర్ర ఒక్కటే నిలబడి ఉంది, నీళ్లు సరిగ్గా గాటు దగ్గరున్నాయి.