పసుపు రంగు వాకిలి

ఊళ్ళో ఎక్కడ ఏముండాలో రంగులు పూసి పటం గీస్తామని మున్సిపాలిటీ వాళ్ళు అన్నప్పుడు, అందరికంటే ముందు లేచి భేష్ అన్నది నేనే. ఆ సంగతి మా వీధిలో ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు. నన్నూ మరిచిపోనివ్వరు.

మా ఇల్లు సముద్రం వీధిలో, చర్చికీ బడికీ మధ్యన. వాకిలి నిండా చేపలు ఎండేసే వెదురు తడికలు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా అత్తగారు కత్తి చేతికిచ్చి చేప చీల్చడం నేర్పింది. ఆ తర్వాత తడికలు పెరిగాయి, పిల్లలు పెరిగారు, మా ఆయన సముద్రం మీదే పోయాడు, తడికలు మాత్రం కదల్లేదు. వంటింటి కిటికీలోంచి చూస్తే మబ్బు పట్టిందా, పిల్లి వచ్చిందా అన్నీ కనబడతాయి. ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో కోళ్ళని అదిలించవచ్చు. ఆ చేపల మీదే మనవరాలు జెస్సెల్‌ని బడికి పంపుతున్నాను. ఆ తడికలు లేని వాకిలి నాకు ఊహకి కూడా అందేది కాదు.

ఇక పక్కింటి తెర్యో. నాకంటే చిన్నవాడు గనక నన్ను నాంగ్ టివాంగ్ అంటాడు, అక్కని పిలిచినట్టు. గోడకి ఆనించి పందుల దొడ్డి కట్టాడు. మొదట ఒక్క పందే, కూతురి పెళ్ళికన్నాడు. పెళ్ళయింది, పందిని కాల్చారు, నేనూ మారు వడ్డించుకున్నాను. అయినా దొడ్డి ఖాళీ కాలేదు, ఇంకా నిండింది.

"ఏరా తెర్యో, నీ పందుల కంపుకి మా ఇంట్లో ముద్ద దిగట్లేదురా!" అని గోడ మీంచి అరిచేదాన్ని.

"దిగకపోతే ఇలా పంపు నాంగ్, పందులకి పెడతాను."

"అసలు ముక్కుందా నీకు?"

"ఉండబట్టేగా ఇన్నేళ్ళూ నీ పక్కన నోటితో ఊపిరి పీలుస్తున్నాను!"

వాడికి జలుబేమో అనుకున్నాను. నా తెలివి అంత.

అలాంటి రోజుల్లో మా వార్డు పెద్ద అయిన కపితాన్ మైకు పట్టుకుని, పటం మీద సభ ఉంది, వచ్చినవాళ్ళకి పాన్సిత్ పెడతారు అని వీధి వీధికీ చెప్పాడు. ఊరిని బాగుచేద్దామంటే కదలనివాళ్ళం నూడుల్స్ అనగానే కదిలాం. ముందు వరసలో కుర్చీ దొరకాలని నేను చీకటి విడకుండానే తలంటు పోసుకున్నాను.

మున్సిపల్ హాల్లో గోడంతా పటం. ఇళ్ళకి పసుపు, కొట్లకి ఎరుపు, పొలాలకి ఆకుపచ్చ. ఏరు దాటాక ఒక మూల ఊదారంగు. కర్ర పట్టుకుని చెబుతున్న ఇంజనీరమ్మ పేరు అల్మీరా, మా చిన్నమ్మాయి ఈడుది. అయినా నన్ను లోలా అంటుంది, అవ్వని పిలిచినట్టు.

"ఆ ఊదా దేనికమ్మా?" అనడిగాను.

"మోత, పొగ, వాసన వచ్చే పనులకి లోలా. అక్కడ ఇళ్ళు కట్టరు, గాలి కూడా ఊరి వైపు రాదు. పసుపు చోట పిల్లలు నిద్రపోవాలి, పెద్దవాళ్ళు హాయిగా గాలి పీల్చుకోవాలి. ఏరు పొంగితే నీళ్ళు పోయే దారిలో ఎవరూ గోడ కట్టకూడదు. ఎవరి పనీ ఆపాలని కాదు. ఒకరి పని ఇంకొకరి బతుక్కి అడ్డం పడకుండా చోటు చూడ్డం, అంతే."

ఆ పటం మొత్తం నాకు ఇట్టే అర్థమైపోయింది. తెర్యో పందులు ఏరు దాటాలి. ఇంకేముంది అందులో!

లేచాను. మైకు అందుకున్నాను.

"ఇంజనీరమ్మ బంగారం లాంటి మాట చెప్పింది! వాసనొచ్చే పని చేసేవాళ్ళు ఊరి నడిమధ్య కూర్చుని, చర్చికి పోయేవాళ్ళ ముక్కులూ, బడికి పోయే పిల్లల ముక్కులూ పాడుచేస్తారా? వాళ్ళకి తెలియదా? తెలియకపోతే ఎవరో ఒకరు మొహం మీద చెప్పొద్దా? వాళ్ళు ఏరు దాటాల్సిందే!"

హాలు దద్దరిల్లింది. టీచర్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చర్చి వంటావిడ కళ్ళొత్తుకుంది. వెనకెవరో ఈల కూడా వేశారు. నేను తిరునాళ్ళ ఊరేగింపులో రాణిలా ఇటు చెయ్యూపాను, అటు చెయ్యూపాను. నాలో ఇంత ఉందని తెలియక ఇన్నాళ్ళూ ఉత్త చేపలు చీల్చుకుంటూ కూర్చున్నానే అనుకున్నాను.

ఇంజనీరమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీరింత పెద్ద మనసు చేసుకుంటారని అనుకోలేదు లోలా. మీకెలా చెప్పాలా అని ఎంత భయపడ్డానో."

"దేని గురించమ్మా?"

"చేపల గురించి."

"ఏ చేపలు?"

వెనక వరసలోంచి, నోటి నిండా పాన్సిత్‌తో తెర్యో అరిచాడు. "నీ చేపలే నాంగ్ టివాంగ్! నీ చేపలే!"

ఆ నవ్వు ఏటికి అవతల కూడా వినబడి ఉంటుంది. నేను కోపంగా బయటికి నడిచాను. నా వంతు పాన్సిత్ మాత్రం అరిటాకులో కట్టించుకున్నాను.

ఇంటికొచ్చి జెస్సెల్‌ని నిలదీశాను. "నిజం చెప్పు. మనిల్లు వాసనొస్తుందా?"

అది చెప్పులు సర్దడం మొదలెట్టింది.

"నిన్నే అడిగేది!"

"వస్తుంది లోలా."

"మరి చెప్పవేం?"

"చెబితే ఏం చేస్తావు? ఆ చేపలతోనేగా నా ఫీజు కడతావు. అందుకే స్నేహితులని మనింటికి రమ్మనను. నేనే వాళ్ళిళ్ళకి పోతాను."

చదువు మీద శ్రద్ధతో ఊరంతా తిరుగుతోందని నేను దాన్ని చర్చిలో అందరి దగ్గరా పొగిడాను కూడా.

అయినా తడికలు వదలబుద్ధి కాలేదు. మర్నాడు ఇంజనీరమ్మ దగ్గరికి పోయాను. "మా అత్తగారి కాలం నాటివమ్మా అవి. ఏదో ఒక దారి చూడు."

"ఉంది లోలా. పటానికి ముందు నుంచీ ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచుకోవచ్చు. పెంచకూడదు. తుఫానుకి కూలితే మళ్ళీ కట్టకూడదు. అర్జీ పెట్టుకోండి."

"అలా చెప్పు! ఎక్కడ సంతకం?"

"కానీ తెర్యో గారి దొడ్డి కూడా పాతదే. మీకిస్తే ఆయనకీ ఇవ్వాలి."

"వాడివి పందులు! నావి చేపలు!"

"ముక్కుకి ఆ తేడా తెలియదు లోలా."

సంతకం పెట్టకుండానే ఇంటికొచ్చి, తడిక మీద వంగి గట్టిగా వాసన చూశాను. ఏమీ లేదు. ఎండ వాసన. ఇంకొంచెం వంగాను, చేప ముల్లు ముక్కుకి గుచ్చుకుంది. అప్పటికీ ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా వీధంతా పీలుస్తున్నది నా ఒక్కదాని ముక్కుకే తెలియలేదన్నమాట. తలెత్తేసరికి జెస్సెల్ పుస్తకాలు చంకన పెట్టుకుని ఇంకొకరింటికి బయలుదేరుతోంది.

మర్నాడు వెళ్ళి, అర్జీ వద్దు, ఏరు దాటుతానని చెప్పాను. మనవరాలి కోసమే అంతా వదులుకున్నానని చెప్పుకుంటే ఎంత బాగుంటుందో! సగం దానికోసమే. మిగతా సగం, తెర్యో పందులు మూటాముల్లె సర్దుకుని పోవడం కళ్ళారా చూద్దామని.

చూశాను కూడా. నేను పెట్టని అర్జీ వాడూ పెట్టలేదు. దొడ్డి విప్పారు, పందులు బండెక్కాయి. నేను గుమ్మంలో నిలబడి చెయ్యూపాను.

ఆ వారమే ఊదారంగులో నాకిచ్చిన చోటికి తడికలు మోయించుకుపోయాను. మంచి ఎండ, అడ్డం లేని గాలి. నా హద్దు రాయికి అటువైపు కొత్త దొడ్డి. దొడ్డి మీంచి తెర్యో మొహం.

"వచ్చావా నాంగ్! నువ్వు లేక పందులు సరిగ్గా మేత తినట్లేదు."

వాసనొచ్చే పనులన్నిటికీ ఒకే చోటని చెబితే, ఆ చోట్లో ఇంకెవరుంటారనుకున్నానో నాకే తెలియదు.

తడికలు పోయాక వాకిలి బోడిగా కనబడింది. కొన్నాళ్ళు కిటికీలోంచి లేని కోళ్ళని అదిలించాను. ఒక సాయంత్రం ఏరు దాటి వచ్చేసరికి, ఆ బోడి వాకిట్లోనే చాప పరుచుకుని జెస్సెల్, దాని స్నేహితురాళ్ళు చదువుకుంటున్నారు. నేను దగ్గరికి రాగానే ఒక పిల్ల ముక్కు చిట్లించింది.

"ఏదో వాసన."

"మా లోలా," అంది జెస్సెల్, తల కూడా ఎత్తకుండా.

గబగబా లోపలికి పోబోయాను. ఆ పిల్లే వెనక నుంచి పిలిచింది. "లోలా, మీ దగ్గర ఎండుచేపలు ఉన్నాయా? వేయించి పెట్టరా? ఆకలేస్తోంది."

పసుపు చోట చేపలు ఎండబెట్టకూడదన్నారు. వేయించకూడదని ఎవరూ అనలేదు. కిటికీలు బార్లా తెరిచి మూకుడు పెట్టాను.

నూనెలో చేప పడిందో లేదో, గోడ అవతల నుంచి తెర్యో గొంతు. "నాంగ్ టివాంగ్! వాసన!"

"అన్నం గిన్నె పట్టుకుని రారా," అన్నాను. "వెనిగర్ కూడా తే, మా ఇంట్లో అయిపోయింది."