రేపటి కొలత చూపే వెర్నియర్

ఉదయం ఆరూ నలభైకి సాదిక్ ఉదయగిరిలో తన లేత్ షెడ్డుకు తాళం వేసి ఆత్మకూరు బస్సెక్కాడు. జేబులో కొత్త బేరింగ్ ఉంది. మందాలు కొలిచే పాత వెర్నియర్ కొనబోయేవాడు అలాంటిదొకటి తీసుకెళ్లాలి. దాని వెలుపలి కొలత కచ్చితంగా నలభై ఏడు మిల్లీమీటర్లు. వెర్నియర్ వేరే అంకె చూపిస్తే తప్పు వెర్నియర్‌దే.

షెడ్డులో ఉన్న వెర్నియర్ దవడలు అరిగిపోయాయి. దానితో కొలిచి చేసిన మోటారు షాఫ్ట్ వదులైందని మాల్యాద్రి వెనక్కి పంపాడు. మాల్యాద్రికి దుత్తలూరులో మోటార్ల రిపేరు షాపు. సాదిక్ పనిలో సగం అతనిదే. ఇంకొకటి తేడా వస్తే ఆత్మకూరు లేత్‌కు పోతానని చెప్పేశాడు.

పాత సామాన్లమ్మే వరదయ్య మూడు వెర్నియర్లు బయట పెట్టాడు. మొదటిదాని దవడలు మూసి ఎండకు పట్టుకుంటే సందులోంచి వెలుగు గీతలా కనిపించింది. రెండోది పట్టి పట్టి జరిగింది. మూడోదాంట్లో వెలుగు రాలేదు. బేరింగ్‌కు పట్టిస్తే నలభై ఏడు.

"బాగానే ఉండాది గానీ భాయ్, అది రేపటి కొలత చూపిస్తాది," అన్నాడు వరదయ్య. "ఇద్దరు తీసకపోయి తిరిగిచ్చినారు."

"ఇనుము రేపటికి పెరగతాదా ఏంది?"

"నీ ఇష్టం. మళ్లా తెస్తే నేను తీసుకోను."

దాన్ని కొని షెడ్డుకొచ్చాక పొరపాటు తెలిసింది. బేరింగ్ కొలత ఎన్నడూ మారదు, లేత్ మీది ఇనుము మారుతుంది. పాతిక మిల్లీమీటర్ల కడ్డీని ఇరవైకి తేవాలి. పని మొదలుపెట్టకముందే వెర్నియర్ ఇరవై చూపించింది. ఎక్కడ ఆపాలో దానివల్ల తెలియదు.

"పరీక్షకు ముందే మార్కులు చెప్పే పంతులు దొరికినాడు నీకు," అంది తల్లి చాంద్బీ.

బేరింగ్ లోపలి రంధ్రం ఇరవయ్యే. సాదిక్ చివరికి అది కడ్డీ మీదికి ఎక్కేదాకా కొంచెం కొంచెంగా తీసి ఆపాడు.

మర్నాడు మాల్యాద్రి తనే ఒక పాతిక కడ్డీ తెచ్చి, సాయంత్రానికి షాఫ్ట్ కావాలన్నాడు. సాదిక్ వెర్నియర్ పట్టించాడు. ఇరవై రావాలి. ఇరవై ఐదే వచ్చింది.

"రేపటికీ ఇది ఇట్టనే ఉంటాదంటన్నా."

"అంటే నువ్వు చెయ్యవా?"

"ఎందుకు చెయ్యనో నాకూ తెలీదు."

"ఆ ముక్క ముందే చెప్పుంటే టీ అన్నా ఊళ్లో తాగొచ్చేవాణ్ణి గదరా."

"ఒకసారి తట్టి చూడు," అంది చాంద్బీ గ్లాసు అందిస్తూ.

వాడుక గిరాకీ తెచ్చిన ఇనుమును అతని ఎదుటే తట్టి చూడటం అక్కడ మర్యాద కాదు. అయినా సాదిక్ కడ్డీని తీగకు వేలాడదీసి సుత్తితో తట్టాడు. ఖంగున మోగాల్సింది మొద్దుగా పలికింది.

"లోపల పగులుండాదన్నా. లేత్ మీద నేనెక్కించను."

"నీ షాఫ్ట్ వదులైతే ఊరుకున్నా. ఇప్పుడు నా ఇనుమే తప్పా?"

మాల్యాద్రి కడ్డీ తీసుకుని, టీ అక్కడే వదిలేసి వెళ్లాడు. ఆత్మకూరులో లేత్ రెండు రోజులదాకా ఖాళీ లేదు. దుత్తలూరు నుంచి సాదిక్‌కు ఆ వారమంతా పని రాలేదు.

తర్వాతి సోమవారం మాల్యాద్రి ఇంకో కడ్డీతో వచ్చాడు. తనే దాన్ని తీగకు కట్టి, సుత్తి సాదిక్ చేతికిచ్చాడు. మొదటి కడ్డీ ఆత్మకూరు లేత్ మీద తిరుగుతూనే విరిగిందని చెప్పాడు. ముక్క ఎగిరి, పనివాడు నిలబడే చోటుకు వెనక, గోడలో గుండె ఎత్తున దిగబడింది. ఫోను మోగితే అతను అప్పుడే బయటికి వెళ్లాడట.